అక్క గొంతు తర్వాత వచ్చే పాట

మా పుల్లంపేట వైపు కువైట్ వెళ్ళొచ్చానంటే ఎవరూ తలెత్తి కూడా చూడరు. ఏ వీధిలో చూసినా ఆ దేశం నుంచి వచ్చిన దుప్పటో, అత్తరు సీసానో ఉంటుంది. పనికి కాదు, చూడ్డానికి వెళ్ళొచ్చానంటే మాత్రం నోరెళ్ళబెడతారు. "డబ్బులు పెట్టుకోని కువైట్ చూసొచ్చినావా? నీకేమన్నా పిచ్చి పట్టిందా సుజాతా?" అని రాజంపేటలో నా మగ్గం వర్క్ షాపుకొచ్చిన ఒకావిడ మొహం మీదే అడిగేసింది. ఆవిడకి చెప్పిన జవాబే మీకూ చెప్తాను. నేను వెళ్ళింది మా అక్క కోసం.

అక్క పేరు ఈశ్వరమ్మ. పెళ్ళయిన రెండేళ్ళకే బావ పోయాడు. ఆ మరుసటి ఏడే ఇళ్ళల్లో పనికని కువైట్ వెళ్ళింది. అప్పుడు నేను ఏడో తరగతి. నా చదువు, పెళ్ళి, షాపు అన్నీ ఆమె కష్టమే. ఇప్పుడు నా పిల్లలు కాలేజీకి వచ్చారు, ఆమె ఇంకా అక్కడే ఉంది. వచ్చెయ్యమంటే "చూద్దాంలే" అంటుంది. ఆమె కోసం మా ఇంట్లోనే, షాపు పైన మేడ మీద గది కట్టించాను. అందులో ఇప్పుడు షాపు తాలూకు బట్టల తానులు ఉన్నాయి. ఈసారి అవునో కాదో ఆమె నోటితోనే చెప్పించుకుని రావాలని బయల్దేరాను.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. అక్క వెళ్ళిన రోజుల్లో ఫోను మాట్లాడటమంటే గగనం. కువైట్‌లో ఉన్నవాళ్ళు క్యాసెట్‌లో మాట్లాడి ఊరికొచ్చేవాళ్ళ చేత పంపేవారు. వీధి వీధంతా చేరి వినేది. అక్క పంపింది ఒకే ఒక్క క్యాసెట్. అందులో "నేను బాగుండా, మీరెట్లుండారు?" అంటూ కాసేపు మాట్లాడి, "ఇంగ ఉంటా" అంటుంది. టక్కున ఒక చప్పుడు. ఆ వెంటనే ఎవడో మగాడు పూనకం వచ్చినట్టు అరుస్తాడు! వెనక గిటార్లు, డ్రమ్ములు. ఎవరిదో పాత పాటల క్యాసెట్ మీద అక్క తన మాటలు రికార్డు చేసింది. ఆమె మాటలు అయిపోయిన చోట పాత పాటలు మిగిలిపోయాయి, అదీ ఒక పాట సగంలో నుంచి.

వీధి జనం చెవులు మూసుకుని లేచిపోయారు. నేను మాత్రం కదల్లేదు. అక్క బాగున్నానంటోంది గానీ బాగాలేదనీ, ఆమె అరవలేకపోయిన అరుపునే వాడు అరుస్తున్నాడనీ నాకు గట్టిగా అనిపించింది. ఆ టేపు అరిగేదాకా విన్నాను. ఎన్నో ఏళ్ళకి, పాట వినిపిస్తే పేరు చెప్పే యాప్ ఫోన్లోకి వచ్చాక, వాళ్ళు ఇటలీ రాక్ బ్యాండు అని తెలిసింది. అప్పటినుంచి వాళ్ళ ఆల్బమ్ ఒక్కటీ వదల్లేదు. మొట్టమొదట వేసిన క్యాసెట్ మాత్రం ఎక్కడా దొరకలేదు. అందులోని అరుపుల పాటలు తర్వాత ఇంకో ఆల్బమ్‌లో మళ్ళీ వేసుకున్నారు కాబట్టి నాకు లోటు తెలియలేదు. నా షాపులో రోజంతా అవే మోగుతాయి. మగ్గం దగ్గర కూర్చునే ఆడవాళ్ళు చెవుల్లో దూది పెట్టుకుని పని చేసుకుంటారు. నా ప్రయాణానికి ముందు వారమే వాళ్ళ కొత్త ఆల్బమ్ వచ్చింది. అక్క ఉన్న దేశంలోనే మొదటిసారి విందామని దాచుకున్నాను. పాత క్యాసెట్‌ని కూడా చేతిసంచిలో పెట్టుకున్నాను.

ఫర్వానియా

వీసా తిప్పలు మీకెందుకు గానీ, దిగాను. విమానాశ్రయానికి మా ఊరి సుబ్బరాయుడన్న వచ్చాడు. షువైఖ్‌లో కార్ల ఏసీలు బాగుచేసే గ్యారేజీలో పని చేస్తాడు. ఎండలో నిలబెట్టిన కారెక్కి సీటు బెల్టు లాగాను, దాని ఇనుప కొక్కెం వేళ్ళకి చురుక్కుమని అంటుకుంది. కెవ్వుమన్నాను. "కొత్తోళ్ళందరూ ఫస్టు ఇదే చేస్తారుమ్మే," అని నవ్వాడు. వేళ్ళు బొబ్బలెక్కి రెండు రోజులు ముద్ద కలుపుకోవడానికి తంటాలు పడ్డాను.

నన్ను నిజంగా అదరగొట్టింది ఎండ కాదు. అంత పెద్ద రోడ్డు మీద అన్ని కార్లు పోతుంటే హారన్ వినపడదు. మా రాజంపేట పాత బస్టాండు దగ్గర ఒక్క ఆటో చేసేంత గోల ఆ ఊరంతా కలిసి చెయ్యదు. అద్దాలు మూసుకుని, ఏసీ వేసుకుని, ఎవరి పెట్టెలో వాళ్ళు పోతున్నారు. నాకు ఊపిరాడలేదు.

సుబ్బరాయుడన్న భార్య రమణమ్మ ఫర్వానియాలో చిన్న ఫ్లాటులో రాగి సంగటి, కోడి పులుసు చేసి పెట్టింది. రాగిపిండి ఎక్కడిదంటే కింద కొట్లోదే అంది. గోంగూర కూడా ఉంది. ఇక్కడి రొట్టెని ఖుబ్జ్ అంటారు. యాభై ఫిల్సులు ఇస్తే వేడివేడివి ఒక కట్ట ఇస్తారు. ఖుబ్జ్ ముక్క తుంచి పులుసులో ముంచుకుని తింటూ రమణమ్మ అడిగింది.

"యాడికి పిలుచుకోని పోతావు మీ యక్కను? ఆమె వస్తాదా?"

"ఎందుకు రాదు?"

"ఏమో మే. ఇన్నేండ్లు ఉన్నెంక ఇదే ఇల్లయిపోతాది. మేమంతా పోవాల పోవాల అనుకుంటానే ఉండాం. పోయినామా?"

అక్క రాకపోవడం అనేది ఒకటి ఉంటుందని నేను అప్పటిదాకా నిజంగా ఊహించలేదు.

షువైఖ్

మర్నాడు సుబ్బరాయుడన్న నన్ను తన గ్యారేజీకి తీసుకెళ్ళాడు. షువైఖ్ అంటే మా మెకానిక్ కొట్లు, లారీ షెడ్లు, పాత ఇనుము కొట్లు అన్నీ ఒకే చోట పోసినట్టు ఉంటుంది. నాకు ఆ దేశంలో నచ్చిన మొదటి చోటు అదే. సుత్తి దెబ్బలు, గ్రైండర్ నిప్పురవ్వలు, "యల్లా యల్లా" అని తొందరపెట్టే కేకలు. మనుషులు బతికున్నారనిపించింది.

పక్క కొట్లో కార్లకి స్పీకర్లు బిగించే ఆయన ఉన్నాడు. పేరు సత్తిబాబు, అమలాపురం పక్క. ఒక పెద్ద కారుకి కొత్త స్పీకర్లు వేసి, సరిచూసుకోవడానికి పాట కోసం వెతుక్కుంటున్నాడు. ఇంతకంటే మంచి అదను దొరకదని నా ఫోన్ తీసిచ్చాను.

"ఇది పెట్టండి. సౌండు మొత్తం పెంచండి. స్పీకర్లు తట్టుకుంటాయో లేదో ఇప్పుడే తెలిసిపోతుంది."

"తట్టుకోవటవేంటండీ బాబూ, కారు అద్దాలు రాలిపోవాలి గానీ స్పీకరు కదలదండి," అన్నాడు ఆయన ధీమాగా.

నేను కారు సీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నాను. ఒక పియానో. ఒక్కొక్క మెట్టూ ఆగి ఆగి. సరే, కాసేపట్లో విరుచుకుపడతారు అనుకున్నాను. పాటగాడు మొదలుపెట్టాడు. వాడు అరవడం లేదు. పక్కన పసిపిల్ల నిద్రపోతుంటే లేస్తుందేమోనన్నట్టు పాడుతున్నాడు. రెండో పాట పెట్టించాను, అదీ అంతే. మూడోదానిలో డ్రమ్ముని చీపురుతో తుడుస్తున్నట్టు వాయించారు. ఇన్నేళ్ళు నా కోసం గొంతు చించుకున్నవాడు ఇప్పుడు చెవిలో గుసగుసలాడుతున్నాడు. నమ్మలేక ఫోన్ చూసుకున్నాను, వాళ్ళే.

"వీళ్ళకేం పోయేకాలం వచ్చింది!" అని పైకే అన్నాను.

సత్తిబాబు తుడుస్తున్న గుడ్డ ఆపి, "ఎందుకండీ, బావుందండి. హాయిగా ఉందండి. పొద్దస్తమానం ఈ సుత్తి దెబ్బలు విని విని చెవులు చిల్లులు పడిపోయాయండి మాకు. ఇలాంటిదే పెట్టుకోవాలండి కార్లో," అన్నాడు.

"హాయిగా ఉండటానికి వీళ్ళెందుకండీ? అది రాక్ బ్యాండు!"

"ఆయ్. అయితే వాళ్ళకీ వయసొచ్చుంటుందండి. మీరు తిట్టకండి పాపం."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్ లాక్కుని వచ్చేశాను. ఆల్బమ్ గురించి వాళ్ళు రాసుకున్నది చదివాను. కుర్రతనంలో కట్టి పక్కన పెట్టేసిన రెండు పాటల్ని తిరిగి తీసుకున్నామనీ, మెత్తగా పాడటం మళ్ళీ నేర్చుకుంటున్నామనీ ఉంది. సాకులు చెప్తున్నారు అనుకున్నాను. ఆ పూట టీ కూడా తాగలేదు.

రుమైథియా

శుక్రవారం అక్క దగ్గరికి వెళ్ళాను. రుమైథియాలో ఇళ్ళన్నీ ఎత్తు గోడలతో, మూసిన గేట్లతో ఉంటాయి. అక్క యజమానురాలిని అక్కడి వాళ్ళలాగే మామా అంటుంది. నా మనసులో మామా అంటే కొరడా పట్టుకున్న మనిషి. తలుపు తీసింది డెబ్బై ఏళ్ళ ముసలావిడ, చేతికర్ర, కళ్ళకి సుర్మా. ఆమె వెనక అక్క. తల నెరిసింది గానీ నవ్వు అదే. నన్ను వాటేసుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను, మమ్మల్ని చూసి మామా కూడా కళ్ళు తుడుచుకుంది. నేను పోట్లాడటానికి తయారై వచ్చాను, ఇక్కడేమో అందరం ఏడుస్తున్నాం.

చిన్న చిన్న పింగాణీ కప్పుల్లో యాలకుల వాసనతో చేదు కాఫీ, పక్కన ఖర్జూరాలు. నేను కప్పు ఖాళీ చెయ్యగానే మామా మళ్ళీ నింపుతుంది. కాదంటే తప్పు పడుతుందేమోనని తాగుతూనే ఉన్నాను. అక్క కాసేపు చూసి, "కప్పు ఊపల్ల మే. ఊపితే సాలని అర్థం. ఊపకపోతే సచ్చేదాకా పోస్తారు," అని పగలబడి నవ్వింది. మామాకి అరబ్బీలో ఏదో చెప్పింది, ఆవిడా నవ్వింది. అక్క అంత గట్టిగా నవ్వడం నేను చిన్నప్పుడు కూడా చూళ్ళేదు.

అక్క గది బట్టలు ఉతికే గది పక్కనే ఉంది. చిన్నదే గానీ శుభ్రంగా ఉంది, ఏసీ ఉంది, గోడకి నా పిల్లల ఫోటోలు. ఆమె మంచం మీద కూర్చుని దుప్పట్లు మడతపెడుతుంటే నేను అసలు సంగతి ఎత్తాను.

"అక్కా, నాతో వచ్చెయ్. గది కట్టించినా. ఇంగ చాలు."

"చూద్దాంలే."

"ఆ మాట వినేకి ఇంత దూరం రాలేదు నేను."

ఆమె ఇంకో దుప్పటి అందుకుంది. ఏం చెయ్యాలో తోచక నా ఏడుపు ఇంకో వైపు తిప్పాను. చూడు, నువ్వు పంపిన టేపులో అరిచేవాళ్ళు ఇప్పుడెలా తయారయ్యారో విను అంటూ ఆ పియానో పాట పెట్టాను. కాసేపు తిట్టాను కూడా. అక్క చేతిలో దుప్పటి ఆగిపోయింది. తర్వాత, పాటగాడు నోరు తెరవకముందే, అక్క సన్నగా కూనిరాగం తీసింది. వాడు తర్వాత అందుకున్నాడు, సరిగ్గా అదే రాగం. వాడు ఎక్కడ పైకి వెళ్తే అక్క అక్కడ పైకి, ఎక్కడ ఆగితే అక్కడ ఆగింది.

ఈ ఆల్బమ్ వచ్చి పట్టుమని పది రోజులు కాలేదు. అక్క ఫోన్లో దేవుడి పాటలు తప్ప ఏమీ ఉండవు.

"నీకెట్లా తెలుసు ఇది?"

"పాతదే కదా ఇది."

"కాదక్కా, కొత్తది! పోయిన వారం వచ్చింది."

"పాతదే లే," అంది అక్క. ఆమె మొహంలో నవ్వు పోయింది. నేను చేతిసంచిలోంచి క్యాసెట్ తీసి ఆమె ఒళ్ళో పెట్టాను. పాముని చూసినట్టు చూసింది. "ఇది ఇంగా ఉందా?" అంది. ఇంకాసేపటికి, "వినాల నేను. నా గొంతు ఎట్లుండెనో," అంది. మామాని అడిగి సాయంత్రం దాకా సెలవు తీసుకుంది.

శుక్రవారం సంత

ఈ రోజుల్లో క్యాసెట్ వినాలంటే ఎక్కడికి పోవాలి? అక్కకి తెలుసు. షువైఖ్ దాటాక శుక్రవారం సంత ఉంటుంది. పెద్ద పెద్ద రేకుల షెడ్ల కింద పాత తివాచీలు, ఫ్రిజ్‌లు, షేకుల ఇళ్ళల్లోంచి వచ్చిన షాండిలియర్లు. మా వైపు సంతలో పశువులు అమ్మినట్టు ఇక్కడ సోఫాలు అమ్ముతారు. పాత రేడియోలు పరుచుకుని కూర్చున్న ఒక పఠాను తాత దగ్గర టేప్ రికార్డరు దొరికింది. "చల్తా హై?" అని అక్క అడిగితే, ఆయన ఉలిక్కిపడ్డట్టు చూసి, "కొత్త పెళ్ళికూతుర్లా నడుస్తుంది బేటీ" అని హిందీలో అన్నాడు. క్యాసెట్ తీసుకుని, పెన్సిలుతో చుట్టు బిగించి, లోపల పెట్టి నొక్కాడు.

బర్రుమని చప్పుడు. తర్వాత ఒక ఆడపిల్ల గొంతు. "అమ్మా, నేను బాగుండా. మీరెట్లుండారు? ఇక్కడ తిండికేం కరువు లేదు. మామా బాగా చూసుకుంటాది. సుజీ బడికి పోతాండాదా? నా గురించి ఏం దిగులు పెట్టుకోవాకండి..."

అక్క సోఫా అంచున కూలబడింది. ఇరవై ఏళ్ళ పిల్ల గొంతు అది, వణకకుండా ఉండటానికి పాటుపడుతున్న గొంతు. అరుపు కోసం ఎదురుచూస్తూ చిన్నప్పుడు నేను అది గమనించనే లేదు. "ఇంగ ఉంటా" అంది టేపు. టక్. ఆ వెంటనే అరుపు. పఠాను తాత అదిరిపడి బొత్తాం నొక్కేశాడు. చుట్టుపక్కల వాళ్ళు తిరిగి చూశారు.

అక్క ఎండలో చూపు నిలిపి మాట్లాడింది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"ఆ టేపు మొదటింట్లోది. ఇప్పుడుండే మామా కాదు, అంతకు ముందర ఇల్లు. నన్ను గేటు దాటనిచ్చేవాళ్ళు కాదు. బట్టలుతికే రూములో నేల మీద పడుకుంటా ఉంటి. మిద్దె మింద వాళ్ళ పెద్ద పిల్లోడు ఈ పాటలు పెడతా ఉండె. మొదట్లో రెండు పాటలు మెత్తగా ఉండె. నువ్వు ఇందాక పెట్టినెదే ఒగటి. బాస తెలీదు, ఏం పాడతాండారో తెలీదు. అది వినపడితే సాలు, నాకు ఏడుపు ఆగేది కాదు. వాడు ఆ టేపు చెత్తలో పడేసినాడు. నేను తీసుకున్యా. పైన సిల్లుల్లో చూయింగ్ గమ్ కాగితం కుక్కినా, అప్పుడే కదా రికార్డవుతాది. డ్రైవరు టేప్ రికార్డరు అడుక్కోని మాట్లాడినా."

"మెత్తటి పాటలు ఏమైనాయక్కా?"

"వాటి మిందనే కదా మాట్లాడింది! కావాలనే మాట్లాడినా. అవి మీరు వింటే నేను ఏడుస్తాండానని తెలిసిపోతాదని. అరుపులు ఉంటే ఉండనీలే, సుజీ నవ్వుకుంటాది అనుకున్యా."

ఇన్నేళ్ళు నేను అంతా తలకిందులుగా విన్నాను. అరుపులో అక్క ఉందనుకుని ఆ అరుపుని ప్రేమించాను. అక్క ఉన్న పాటలేమో ఆమె మాటల కింద చెరిగిపోయాయి. ఆ బ్యాండు మారిపోయిందని మొన్న తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఎక్కడా దొరకలేదనుకున్న వాళ్ళ మొదటి క్యాసెట్ ఇన్నాళ్ళూ నా దగ్గరే ఉంది, వాళ్ళు మొదట్లో అలాగే పాడారు. నాకు చేరలేదంతే.

"అప్పుడు చెప్పుంటే నాయన వచ్చి పిలుచుకోని పోయేవాడు కదక్కా!" అని అరిచేశాను.

"నేను తిరిగొచ్చింటే నువ్వు సదువుకునేదానివా?" అంది, కోపం లేకుండా. "ఇప్పుడు సెప్తా విను. నాకు రావాలనే ఉంది. ఇంత కాలం బాగుండా బాగుండా అనే సెప్పినా. ఆడికొచ్చినెంక నాకు బాగలేకపోతే? అప్పుడు ఎవురికి సెప్పుకునేది? నువ్వు గది కట్టించినాక గూడా బాగలేదంటే నీ మొగం ఎట్లుంటాది? దానికే బయం."

"నాకే చెప్పు. బాగలేదని నాకే చెప్పు. తిట్టుకుంటా చెప్పు," అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని బొబ్బలు చూసి, సీటు బెల్టా అని అడిగింది. అవుననీ కాదనీ మాత్రం చెప్పలేదు. పఠాను తాత టేప్ రికార్డరుకి అడిగిన ధరలో సగమే తీసుకున్నాడు. "ఆ పాప ఎవరు?" అని క్యాసెట్ చూపించి అడిగితే అక్క "పిచ్చిది" అంది. క్యాసెట్ నాకు తిరిగివ్వలేదు, తన దగ్గరే ఉంచుకుంది.

రాజంపేట

ఉత్త చేతులతో తిరిగొచ్చాను. అత్తరు, ఖర్జూరం, బాదం అన్నీ తెచ్చాను, మామా ఒక చిన్న కాఫీ కప్పు కూడా ఇచ్చింది. అయినా ఉత్త చేతులే. మా ఆయన ఏమైందని అడిగితే చూద్దాంలే అందని చెప్పి పడుకున్నాను. షాపులో పాటలు పెట్టడం మానేశాను. మగ్గం దగ్గర ఆడవాళ్ళు ఏమైందో అర్థంకాక, అలవాటు కొద్దీ దూది మాత్రం పెట్టుకునే ఉన్నారు.

ఒక మధ్యాహ్నం అక్క దగ్గర్నుంచి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆమె ఎప్పుడూ రెండు ముక్కలే పంపుతుంది, ఇది చాలా పొడవుంది. వెంటనే నొక్కాను. మాట లేదు. పియానో. ఆ మెత్తటి పాట, మొదటినుంచి. వెనక ఎక్కడో వాషింగ్ మెషీన్ తిరుగుతోంది. మామా దగ్గు వినపడింది. చివరికి జరపాలని వేలు పోయింది, ఆపుకున్నాను. అక్క ఈసారి దాని మీద మాట్లాడలేదు. పాటని పూర్తిగా పోనిచ్చింది. నేను కూడా షాపు గడప మీద కూర్చుని ఒక్క ముక్క వదలకుండా విన్నాను. ఎంత బాగుందో అప్పుడు తెలిసింది.

పాట అయిపోయింది. కాసేపు వాషింగ్ మెషీన్ ఒక్కటే. ఆ తర్వాత అక్క గొంతు.

"సుజీ, మామాకు సెప్పినా. ఖలాస్. ఆమె ఏడ్చింది, నేనూ ఏడిస్తి. వాళ్ళ కూతురు వచ్చి ఉంటాదంట. వచ్చే నెల టికెట్టు. నాకు శానా బయంగా ఉందిమే. నాకేం బాగలేదు ఈ పొద్దు. సెప్పమన్యావు కదా, సెప్తాండా. ఆ గదిలో నీ తానులు తీసెయ్."

నేను గడప మీదే ఏడ్చేశాను. మగ్గం దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి చెవుల్లో దూది తీశారు. మెసేజ్ మళ్ళీ మొదటినుంచి, ఈసారి పెద్ద స్పీకర్లో పెట్టి, తానులు దింపడానికి మేడెక్కాను.